పసులకూ ఫీజుకూ చుట్టరికం

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ‘పసులను కొట్టంల కట్టేసినవా?’ అని అడుగుతరు. ఈ ‘పసులు’ సంస్కృత ‘పశు’ నుంచి వచ్చింది. ఇంగ్లీషు, జర్మన్‌లకు తల్లి అయిన ప్రాచీన జర్మానిక్ భాషలో దాని చుట్టం ‘ఫెహు’.

సంస్కృతం, లాటిన్, జర్మానిక్ మూడూ పుట్టిన మూలభాషలోని ‘ప’ జర్మానిక్‌లో ‘ఫ’ అయింది, ‘క’ ‘హ’ అయింది. సంస్కృతంలో ‘ప’ నిలిచింది, ఆ ‘క’ మాత్రం ‘శ’ అయింది. పాదం–ఫుట్, పితృ–ఫాదర్ జంటల్లోనూ అదే ప–ఫ వరుస. ఈ వరుస చూడకుండా చెవిని నమ్మితే బోల్తా పడతాం: లాటిన్ ‘హబేరే’, జర్మన్ ‘హాబెన్’ రెండింటికీ ‘కలిగి ఉండు’ అనే అర్థం, అయినా చుట్టరికం లేదు. హాబెన్‌కు అసలు చుట్టం లాటిన్ ‘కపేరే’, అంటే పట్టుకొను.

గొడ్డూగోదే ఆస్తి అయిన కాలంలో ఈ మాట అర్థం పశువుల నుంచి ఆస్తి వైపు జరిగింది. పాత ఇంగ్లీషు ‘ఫేఓహ్’ అంటే పశువులు, ఆస్తి, డబ్బు మూడూను. జర్మన్‌లో ‘ఫీ’ అంటే ఇప్పటికీ పశువులే. ఇంగ్లీషు ‘ఫీ’ మాత్రం నేరుగా రాలేదు. జర్మానిక్ మాట ఫ్రెంచిలోకి పోయి, కొలువుకు బదులు ఇచ్చే భూమి అయిందని ఎక్కువమంది పండితుల మాట. మన జాగీరు లాంటిదన్నమాట. ఆ భూమి హక్కు నుంచి రుసుము, రుసుము నుంచి మన బడి ఫీజు.