జావాస్క్రిప్ట్‌లో పద్దెనిమిది వరుసల క్వెరీ: నా అనుభవం

మైక్రోసాఫ్ట్ వారి వ్యాపార సాఫ్ట్‌వేర్ డైనమిక్స్ 365ను సంస్థల అవసరాలకు తగ్గట్టు మలిచే పనిలోకి (కస్టమైజేషన్) వచ్చిన కొత్తలో నాకు అప్పగించిన పని చూడడానికి చిన్నదే. అమ్మకాల విభాగం వారు కొత్త ఖాతా నమోదు చేస్తున్నప్పుడు, అదే పేరుతో అదే ఊళ్లో ఖాతా ఇప్పటికే ఉంటే ఫారం మీద హెచ్చరిక కనిపించాలి. అందులోని వెతుకులాట సాధనం అడ్వాన్స్‌డ్ ఫైండ్‌లో షరతులు పెట్టి చూసుకుని, ఆ క్వెరీని అక్కడి నుంచే ఫెచ్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా (డైనమిక్స్ క్వెరీలను ట్యాగులతో రాసే భాష) దించుకున్నాను. పద్దెనిమిది వరుసలు వచ్చాయి. వాటిని ఫారం వెనక నడిచే జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌గా, అంటే కోట్ల మధ్య పాఠంగా, పెట్టాలి.

మామూలు కోట్ల మధ్య రాసే స్ట్రింగ్ జావాస్క్రిప్ట్‌లో మొదలైన వరుసలోనే ముగియాలి. అందువల్ల ప్రతి వరుసనూ విడి స్ట్రింగ్‌గా చేసి ప్లస్ గుర్తులతో కలిపాను. ఒక కండిషన్ ట్యాగు మరీ పొడవుగా ఉందని రెండుగా విరిచి, మధ్యలో ఖాళీ ఉంచడం మరిచాను. తెరమీద విడివిడిగా కనిపించిన ఆ ముక్కలు కలిసేసరికి 'ఆపరేటర్' అన్న మాట ముందున్న కోటుకు అతుక్కుపోయింది; ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్ చెల్లదని సర్వర్ తిప్పి పంపింది.

తర్వాత వరుస చివర బ్యాక్‌స్లాష్ (\) పెట్టి స్ట్రింగును కింది వరుసకు కొనసాగించే పద్ధతికి మారాను. ఇందులో పూట పోయింది. పదకొండో వరుసలో బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క స్పేస్ మిగిలి ఉండడంతో స్క్రిప్టు మొత్తం ఆగిపోయింది. ఖాళీలను చుక్కలుగా చూపే సెట్టింగును ఎడిటర్‌లో పెట్టుకున్నాకే ఆ చుక్క కంటపడింది. ఈ పద్ధతిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంతో వచ్చిన, బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య రాసే స్ట్రింగుల్లో ఈ బాధలేవీ లేవు. అయితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 వాటిని గుర్తించదు, మా వినియోగదారులు అప్పట్లో వాడేది అదే. వారు బ్రౌజర్ మార్చే వరకు వరుసలను అర్రేలో (జాబితాలో) ఉంచి జాయిన్ ఫంక్షన్‌తో కలిపి నెట్టుకొచ్చాను. మారిన రోజే క్వెరీని బ్యాక్‌టిక్‌ల మధ్య ఉన్నది ఉన్నట్టు అతికించి, ఖాతా పేరు రావలసిన చోట ఆ విలువ వచ్చి చేరేలా డాలర్ గుర్తూ ఫ్లవర్ బ్రాకెట్లూ పెట్టాను.

అసలు చిక్కు ఆ పేరుతోనే వచ్చింది. పరీక్షలో ఒకరు 'అండ్ సన్స్' అన్న పేరును ఆంపర్‌శాండ్ (&) గుర్తుతో కొట్టారు, హెచ్చరిక రాలేదు. క్వెరీ సర్వర్‌కు యూఆర్‌ఎల్‌లో భాగంగా వెళ్తుంది; అక్కడ ఆ గుర్తు దగ్గరే అది తెగిపోయింది. గుర్తులను యూఆర్‌ఎల్‌లో చెల్లేలా మార్చే ఎన్‌కోడ్ యూఆర్‌ఐ కాంపొనెంట్ ఫంక్షన్‌తో చుట్టాను, ఈసారి తెగలేదు గానీ మళ్లీ ఎక్స్‌ఎమ్‌ఎల్ దోషమే వచ్చింది. సర్వర్ దాన్ని విప్పిన తర్వాత ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివేటప్పటికి ఆంపర్‌శాండ్ యథాతథంగా అక్కడే ఉంటుంది, ఎక్స్‌ఎమ్‌ఎల్ దాన్ని ఒప్పుకోదు. ముందుగా విలువను ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు తగినట్టు ఎస్కేప్ చేసి (ఆంపర్‌శాండ్‌ను &గా మార్చి), క్వెరీలో చేర్చి, ఆపైన మొత్తాన్ని యూఆర్‌ఎల్ కోసం ఎన్‌కోడ్ చేయాలి. ఈ క్రమం తప్పకూడదు. పేర్లలో వచ్చే సింగిల్ కోట్లకూ ఆ ఎస్కేప్ ఫంక్షనే సరిపోయింది.

నెల తర్వాత పిన్‌కోడ్ షరతు కూడా కావాలన్నారు. ఫైలు తెరిచిన మా సహోద్యోగి నన్నేమీ అడగకుండానే ఫిల్టర్ కింద ఒక వరుస చేర్చి పబ్లిష్ చేశారు.