కర్నూల్ ఉంది, లేదంటోంది

బుజ్జిది పడుకుంది. పదకొండు దాటింది. లైటు ఆర్పినా ప్రోగ్రామ్ ఇచ్చిన ఆ ‘ఫాల్స్’, అంటే ‘లేదు’, కళ్లముందు నుంచి పోవట్లేదు.

ఊళ్ల పేర్ల లిస్టులో కర్నూల్ ఉంది. కంటికి కనబడుతోంది. పైథాన్‌లో (ప్రోగ్రాములు రాసే భాష) ఉందా అని చూసే ‘ఇన్’ పెట్టి అడిగితే ఫాల్స్. స్ట్రిప్ చేసి, అంటే మొదట్లో చివర్లో ఖాళీలు తీసేసి, అడిగినా ఫాల్సే. అడిగిన పేరు, లిస్టులోది, రెండిటి లెన్ (గుణింతాలు, పొల్లు కూడా విడిగా లెక్కేసే పొడవు) చూశాక దొరికింది: ఒకటి 7, ఇంకోటి 8. రెండోదాని చివర, పొల్లు పక్కన, కనబడని అక్షరం ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్, అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో 200సి. ‘కర్నూల్‌లో’ అన్నచోట లావత్తు పడకుండా ఆపేది అదే. ఎవరో ‘లో’ కోసేసి మిగతాది అంటించారు, అది అక్కడే ఉండిపోయింది. స్ట్రిప్ లెక్కలో అది ఖాళీ కాదు, కాబట్టి ముట్టుకోదు.

అసలు చిరాకు దీని మీద కాదు. ఉందా లేదా అన్న ప్రశ్న ఎక్కడ అడిగినా వచ్చే జవాబు మీద: ‘లిస్టు తీసేసి సెట్ పెట్టండి.’ లిస్టు మొదటినుంచి ఒక్కొక్కటే పోలుస్తూ పోతుంది, లేని పేరైతే చివరిదాకా వెళ్లాలి. సెట్ హాష్‌ని (పేరు నుంచి లెక్కగట్టిన సంఖ్యని) బట్టి దాదాపు నేరుగా ఆ చోటికే పోతుంది. నిజమే. పాతిక పేర్లకు ఆ తేడా ఎంత? పైగా లూప్ లోపలే సెట్ కట్టేస్తారు. ప్రతి చుట్టుకీ లిస్టంతా మళ్లీ తిరగాలి, ముందున్న లిస్టే నయం. కర్నూల్ సంగతి అలాగే ఉంటుంది. అదే ఫాల్స్ త్వరగా వస్తుంది, అంతే.

జావా అనే ఇంకో భాషలో, లాంగ్ అనే రకం అంకెలు, ఆ లాంగ్‌ల లిస్టు గుర్తొస్తోంది. అందులో 5 ఉంది, ఉందా అని చూసే కంటెయిన్స్‌కి 5 ఇస్తే ఫాల్స్. వట్టి 5 ఇంటీజర్ అనే వేరే రకం అవుతుంది, రెండిటినీ పోల్చే ఈక్వల్స్ విలువకన్నా ముందు రకం చూస్తుంది. అదే 5ని యాడ్ చేయబోతే కంపైలర్ (నడిపే ముందే కోడ్‌ని సరిచూసేది) ఒప్పుకోదు. కంటెయిన్స్ దగ్గర కిమ్మనదు, ఎందుకంటే అది ఏ ఆబ్జెక్టునైనా తీసుకుంటుంది. పక్కన ఎల్ చేర్చి 5ఎల్ అంటేనే ట్రూ. ఎర్రర్ వస్తే వెతుక్కోవచ్చు. ఫాల్స్ వస్తే లేదనే నమ్ముతాం.

ఇంత తిట్టుకున్నాక ఇప్పుడనిపిస్తోంది, సెట్ అన్నవాళ్ల మాటా తీసేయదగింది కాదు. సెట్ కట్టేటప్పుడు ప్రతి పేరూ ఒకసారి చేతుల్లోంచి వెళ్తుంది. కడగాల్సింది అక్కడే. ముందు ఎన్ఎఫ్‌సి నార్మలైజ్, అంటే ఒకే అక్షరాన్ని రెండు రకాల కోడ్‌లతో రాసినా ఒకే రూపానికి తేవడం: కైకలూరులో ఐత్వం ఒకే కోడ్‌గానూ రావచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రావచ్చు. ఎన్ఎఫ్‌సి ఆ రెంటినీ ఒకటి చేస్తుంది. 200సిని మాత్రం తీయదు, దాన్ని రీప్లేస్‌తో తీయాలి. ఆ తర్వాతే స్ట్రిప్. అడిగే పేరునీ ఇదే ఫంక్షన్‌లోంచి పంపాలి, ఒకవైపే కడిగితే లాభం లేదు. పైకి చూపించే పేరు మాత్రం మార్చకూడదు. మధ్యలో 200సి పోతే ‘సాఫ్ట్‌వేర్’ అతుక్కుపోతుంది. అందుకని సెట్ కన్నా డిక్షనరీ (ఒక్కో కీకి ఒక విలువ దాచేది) మేలు: కీ కడిగిన పేరు, విలువ అసలు పేరు.

‘కర్నూలు’ అని ఉకారంతో రాసినవాళ్లు ఇంకా మిగిలారు. ఏ నార్మలైజూ దాన్ని కర్నూల్‌తో కలపదు. దానికి మారుపేర్ల పట్టిక చేత్తోనే రాయాలి. రేపు.