లవంగ నూనె: కుక్కర్ నుంచి యూజినాల్ దాకా

నిమ్మగడ్డి నూనె నీళ్ల మీద తేలుతుంది, తీయడం తేలిక. లవంగ నూనె నీటికన్నా బరువు, అడుగుకు దిగుతుంది. ఈసారి దీన్ని పట్టుకున్నదే అందుకు.

కిరాణా కొట్లో కొన్న 100 గ్రాముల లవంగాలను ముందు నీళ్లలో వేసి చూశాను. నూనె పిండేసిన సరుకు కలిపి అమ్మేవాళ్లుంటారు. అవి అడ్డంగా తేలతాయి. మంచివి మునుగుతాయి, లేదా నిలువుగా నిలబడతాయి. వాటినే కచ్చాపచ్చాగా దంచాను. మెత్తగా పొడి చేస్తే అడుగంటుతుంది, నురగ పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది.

పాత స్టీలు కుక్కర్‌లో లీటరున్నర నీళ్లు పోసి, విజిల్ తీసి, అక్కడ రాగి ట్యూబు బిగించాను. ట్యూబు చుట్టలు ఐసు బకెట్లో. ఆవిరి దారి ఎక్కడా మూసుకోకూడదు, సేఫ్టీ వాల్వ్ కొత్తదై ఉండాలి. లవంగ నూనెలో ప్రధాన పదార్థమైన యూజినాల్ మరిగేది 254 డిగ్రీల దగ్గర, అయినా ఆవిరితో కలిసి 100 లోపే వచ్చేస్తుంది. సన్న సెగ మీద మూడు గంటలు పట్టింది. ట్యూబు నుంచి కారే నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నంతసేపూ నూనె వస్తున్నట్టే. తేటపడ్డాక స్టవ్ ఆపేయొచ్చు.

అసలు తంటా ఆ తెలుపును విడగొట్టడంలో ఉంది. ఉప్పు వేస్తే త్వరగా విడిపోతుంది, నీటిలో కరిగిన కాస్త నూనె కూడా బయటికొస్తుంది. కానీ ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లు బరువెక్కుతాయి. ఒక దశలో నూనె పైకీ రాదు, కిందికీ దిగదు, మధ్యలో వేలాడుతుంది! కరిగినంత ఉప్పూ వేసేస్తే మాత్రం బుద్ధిగా పైకి తేలుతుంది. గాజు డ్రాపర్‌తో తీస్తే 8 మి.లీ. వచ్చింది. మొగ్గల్లో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది కాబట్టి సగం దాకా పిప్పిలోనే ఉండిపోయి ఉండాలి.

శుద్ధికి 5 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 60 మి.లీ. తీసుకున్నాను (గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి). నూనె పోసి గాజు సీసాలో గిలకొడితే యూజినాల్ నీటిలోకి వెళ్లిపోతుంది, నూనెలోని మరో పదార్థం, కారియోఫిలీన్, పైన మిగులుతుంది. దాన్ని తీసేసి, కింది ద్రావణంలో లిట్మస్ ఎర్రబడేదాకా తెల్ల వెనిగర్ పోయాలి. యూజినాల్ మళ్లీ విడిపడి మెల్లగా అడుగుకు చేరుతుంది. సెపరేటింగ్ ఫనెల్ (అడుగున కుళాయి ఉండే గాజు గరాటు) ఉంటే ఇక్కడ ప్రాణం హాయిగా ఉంటుంది, కొనాలి.

శుద్ధమైనదానికి అచ్చం పళ్ల డాక్టర్ గది వాసన. నా ముక్కుకైతే కారియోఫిలీన్ ఉన్న ముడి నూనే బాగుంది. ఏదైనా సరే, నేరుగా చిగుళ్లకు రాయొద్దు, మండి పుండు పడుతుంది.