పలకరించడానికి వెళ్తే ఏం మాట్లాడాలి?

మా వైపు ఎవరింట్లోనైనా మనిషి పోతే పలకరించడానికి వెళ్లడం ఓ పెద్ద తతంగం, వారం చూసుకోవాలి, కాఫీ టీలు అడక్కూడదు, లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదు, అసలు చెప్పకుండానే లేచి వచ్చేయాలి. చాదస్తం అంటారు గానీ నాకైతే ఇందులో ఓ సుళువు కనిపిస్తుంది, ఏం మాట్లాడాలో తెలియనివాడు కూడా నిశ్చింతగా వెళ్లొచ్చు. మాట రాకపోయినా ఎవరూ ఏమనుకోరు, వచ్చి కూర్చున్నాడు కదా.

వాట్సాప్ గ్రూపులో అలా కుదరదు, అక్కడ ఏదో ఒకటి రాయకపోతే నువ్వు లేనట్టే. అందుకే కబురు పడ్డ నిమిషంలోనే ఓం శాంతిలు, రిప్‌లు, దణ్ణం బొమ్మలు వరసగా పడిపోతాయి, వాటి కిందే ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు కేకు. ఫేస్‌బుక్‌లో అయితే 2016లో ఆ ఏడుపు బొమ్మ వచ్చేదాకా చావు కబురుకి కూడా లైకే కొట్టేవాళ్లం, గుర్తుందా?

మొన్నీమధ్య మా పెదనాన్న పోయారు. వచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగిందమ్మా" అని అడగడం, పెద్దమ్మ మళ్లీ మొదట్నుంచి... పొద్దున్నే టీ తాగారు, పేపర్ చదివారు, గుండెల్లో ఏదోలా ఉందన్నారు... ఆవిణ్ణి ఊరికే ఏడిపిస్తున్నట్టే ఉంటుంది చూసేవాళ్లకి. కానీ సాయంత్రానికి అదే కథ చెప్తూ చెప్తూ, టీలో పంచదార తగ్గించిందని ఆయన చేసే గొడవ కూడా చెప్పి కాస్త నవ్వింది. గ్రూపులో ఒక్కసారి చెప్తే అయిపోయింది, మళ్లీ అడిగేవాళ్లు ఉండరు. బయట షామియానా కింద ఒకాయన రోజంతా ఒక్క ముక్క మాట్లాడలేదు, వాటర్ టిన్నులు అయిపోతే మాత్రం ఆయనే తెప్పించాడు.

2020లో కోవిడ్ అప్పుడు అంత్యక్రియలకి 20 మందికి మించొద్దన్నారు కదా, అప్పుడు పోయినవాళ్ల ఇళ్లల్లో "ఎవరూ రాలేకపోయారు" అని ఇప్పటికీ అంటారు. మెసేజ్‌లు తక్కువొచ్చాయని బాధపడ్డవాళ్లు నాకైతే తగల్లేదు.

డాలస్‌లో ఉన్న మా కజిన్ వీసా గొడవ వల్ల రాలేకపోయాడు. వీడియో కాల్ చేశాడు గానీ మాట పెగల్లేదు, పెద్దమ్మ ఫోన్‌ని దిండుకి ఆనించి పెట్టి వచ్చినవాళ్లతో మాట్లాడుకుంటూ ఉంది, వాడు కాల్ కట్ చెయ్యకుండా అలాగే ఉండిపోయాడు, అక్కడ అర్ధరాత్రి. నా లెక్కలో అదీ పలకరింపే. పక్క ఊళ్లో ఉండి రెండు దణ్ణం బొమ్మలు పెట్టి ఊరుకున్న చుట్టాల మీద మాత్రం నాకింకా కోపమే. పెద్దకర్మ భోజనాలకి అందరూ వచ్చార్లెండి, ఫ్యామిలీలతో సహా.