లాటినా పండితులను రెండో వారానికి తెచ్చాక: సిలబస్ మార్పులో నా అనుభవం

మత అధ్యయనం కోర్సుల్లో లాటినా పండితులకు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న అమెరికా మహిళా పండితులకు, సాధారణంగా దక్కేది చివరి వారం, 'ఇతర దృక్కోణాలు' అన్న శీర్షిక. సిలబస్ మార్చేటప్పుడు నేను ముందు కొట్టేసింది దాన్నే. అప్పటికే మతమంటే గ్రంథం, సిద్ధాంతం, పూజారి అని విద్యార్థులకు స్థిరపడిపోతుంది. ఆ తర్వాత ఏం చదివించినా అది అనుబంధమే.

అందుకే అదా మరియా ఇసాసీ-దియాస్ (1943–2012) రెండో వారంలోనే వస్తారు. హవానాలో పుట్టి, అమెరికాలోని డ్రూ విశ్వవిద్యాలయంలో బోధించిన ఆమె లాటినా స్త్రీల విముక్తి కోణంలో సాగే క్రైస్తవ దైవశాస్త్రమైన ముహెరిస్తా థియాలజీకి రూపమిచ్చారు. ఆమె వాదనకు కీలకం 'లో కొటిడియానో', అంటే ఆడవాళ్ల రోజువారీ బతుకు. దాన్ని ఆమె సిద్ధాంతానికి ఉదాహరణగా వాడరు, జ్ఞానం పుట్టే చోటుగానే చూస్తారు.

దీన్ని పరీక్షించడానికి మెక్సికన్లు కొలిచే మరియమాత రూపమైన గ్వాదలూపే మాతను తీసుకుంటాను. 1531 నాటి దర్శనాల గురించి చెప్పే నహువాట్ల్ (మెక్సికో ఆదివాసీ భాష) కథనం 1649లో అచ్చయింది. దాంతో మొదలుపెడితే 'ఇది నిజంగా జరిగిందా' అన్న చర్చే క్లాసంతా తినేస్తుంది. కాబట్టి ముందు మెక్సికన్-అమెరికన్ ఇళ్లలో పూజకు సర్దుకునే బల్ల, అంటే ఆల్తార్, ఫొటోలు చూపిస్తాను: మాత బొమ్మ, కొవ్వొత్తులు, పూలు, పోయినవాళ్ల ఫొటోలు. అది ఎవరు సర్దుతారు, ఎవరు తుడుస్తారు, ఎవరి ఫొటో పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? పూజగది ఎరిగిన తెలుగువాళ్లకు ఇదంతా తెలిసిందే అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి, ఈ బల్ల వెనక వలస, సరిహద్దు, పారిష్ (స్థానిక చర్చి) చరిత్ర ఉన్నాయి. తర్వాత యోలాండా లోపెస్ 1978 చిత్రం: రన్నింగ్ షూలతో, చేత పాము పట్టుకుని పరుగెడుతున్న మాత, ఆ ముఖం చిత్రకారిణిదే. 1649 పాఠం అన్నిటికన్నా చివర.

కోర్సు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం 'లాటినా' అన్న ఒక్క మాటలో అందరినీ కలిపేసినప్పుడు. క్యూబన్ కాథలిక్, దక్షిణ టెక్సస్ చికానా (మెక్సికన్-అమెరికన్ స్త్రీ) రచయిత్రి గ్లోరియా అన్సాల్దువా, పెంతెకోస్తు విశ్వాసి, ఆఫ్రికన్ మూలాలున్న క్యూబా మతం సాంతెరియా పాటించే స్త్రీ ఒకే మాట చెప్పరు. మిశ్రమ జాతిగా గర్వపడే 'మెస్తిసాహె' భావన మీద, అది నల్లజాతి, ఆదివాసీ మూలాలను కప్పేస్తుందన్న గట్టి విమర్శ ఉంది. ఆ విమర్శను అదే వారంలో చదివించాలి.

ఇంటర్వ్యూ అసైన్‌మెంట్ ఇస్తే 'మీరు నమ్ముతారా?' అని అడగనివ్వను, అవును, కాదు దగ్గర ఆగిపోతుంది. 'ఈ కొవ్వొత్తి ఎవరి కోసం వెలిగించారు?' అంటే మాట సాగుతుంది. గంట రికార్డింగును అక్షరబద్ధం చేయడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి ఒక్కొక్కరికి ఒక్క ఇంటర్వ్యూ చాలు. ప్రచురించే ఉద్దేశం ఉంటే నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. రాసింది మాట్లాడిన స్త్రీకి చూపించి, ఆమె దిద్దుబాట్లు చేర్చాకే మార్కులు.