అరుపుకు ముందున్న అరగంట

కౌన్సెలింగ్‌కి వచ్చే తల్లిదండ్రులు చాలావరకు పిల్లల పేరు చెప్పుకునే వస్తారు. "మావాడు మాట వినట్లేదండీ", "అమ్మాయి ఫోను వదలట్లేదు, మీరైనా కాస్త చెప్పి చూడండి". నలభై నిమిషాలు పిల్లల సంగతే నడుస్తుంది. ఇక లేద్దాం అనగా అసలు మాట బయటికొస్తుంది. "మొన్న చెయ్యి చేసుకున్నాను." లేదంటే, "ఒక్కోసారి పిల్లల్ని కనకుండా ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది. ఇలా అనిపించడం పాపం కదా?" అనుభవం ఉన్న థెరపిస్ట్‌కి ఈ ఆఖరి మాటే ముఖ్యం. తర్వాతి సెషన్ అక్కణ్ణించే మొదలుపెడతారు.

బెంగళూరులో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకి ఈ మాట మరోచోట చెప్పుకునే వీలు తక్కువ. మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో పక్క ఫ్లాటులో మనవాళ్ళే ఉంటారు, కానీ అక్కడ నోరు జారితే రేపు ఊళ్ళో తెలుస్తుందని భయం. అమ్మకి ఫోన్ చేస్తే "మేం నలుగుర్ని పెంచలేదా" అంటుంది. దాంతో ఆలోచన లోపలే ఉండిపోయి బలుస్తుంది.

చాలామంది కోరేది ఒకటే: ఆ ఆలోచనలు రాకుండా చెయ్యండి. ఆ పని థెరపిస్ట్ చెయ్యరు, చెయ్యలేరు కూడా. 1987లో అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ కొందరిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించొద్దన్నాడు. వాళ్ళ వల్ల కాలేదు. పైగా ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు అన్నప్పుడు, మొదట్నుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ళకంటే వీళ్ళకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. "నాకిలా అనిపించకూడదు" అని రోజంతా తనను తాను అదిలించుకునే తల్లికి జరిగేది ఇదే. అందుకే ఆలోచన వచ్చాక చెయ్యి, నోరు ఏం చేస్తున్నాయన్న దాని మీదే పని జరుగుతుంది.

మొదటి రెండు మూడు సెషన్లలో ఒక సంఘటనను తీసుకుని వెనక్కి తిప్పుతారు. ఉదాహరణకి ఇలాంటిది. రాత్రి 8:40. మూడో తరగతి పిల్లాడు 402లోంచి 178 తీసేసి 376 అని రాశాడు. మూడోసారి. అమ్మ పుస్తకం లాక్కుంది, పెన్సిల్ ఎగిరిపడింది, వీపు మీద ఒకటి పడింది. "కోపం ఎందుకొచ్చింది?" అని థెరపిస్ట్ అడగరు. ఆ ప్రశ్నకి వచ్చే జవాబు ఎప్పుడూ "వాడు అలా చేశాడు కాబట్టి" అనే ఉంటుంది. అడిగేది గడియారం ప్రకారం: 8:35కి మనసులో నడిచిన వాక్యం ఏంటి? "కావాలనే చేస్తున్నాడు." 8:20కి? క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో తమ పిల్లాడి ఒలింపియాడ్ సర్టిఫికెట్ పెట్టారు. 7:50కి? సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చి, బ్యాగు దించీ దించకముందే పుస్తకాల ముందు కూర్చోవడం. ఆఖరిసారి తిన్నది? మధ్యాహ్నం ఒంటిగంటకి. ఒంట్లో ఎక్కడ తెలిసింది? దవడ బిగిసింది, గొంతు పైస్థాయికి వెళ్ళింది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా రాయిస్తారు. చాలామంది వదిలేసే భాగం ఇదే. పిల్లాడు ఏడ్చాడు, హోంవర్క్ ఆగింది, ఇల్లు సద్దుమణిగింది. అంటే అరుపు పనిచేసింది. అమ్మకి ఆ నిమిషానికి ప్రశాంతత, పిల్లాడికి లెక్కల నుంచి విడుదల. ఇద్దరికీ ఏదో ఒక లాభం దక్కింది కాబట్టే రేపు మళ్ళీ అదే జరుగుతుంది. చెడ్డతల్లి కావడం వల్ల కాదు.

ఇలా గొలుసంతా కాగితం మీద పడ్డాక, అన్నిటికంటే తేలిగ్గా తెంపగల లింకు ఏదో వెతుకుతారు. 8:40 దగ్గర ఆపడం మహా కష్టం. 7:50 దగ్గర పది నిమిషాలు కూర్చుని రెండు అరటిపళ్ళు తినడం సులువు. తొమ్మిదింటి దాకా ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టడం ఇంకా సులువు. లెక్కల వంతు నాన్నకి ఇవ్వొచ్చు. ఒక వారానికి ఒక్క మార్పే. ఐదు మార్పులు ఒకేసారి రాసుకున్నవాళ్ళు బుధవారానికల్లా అన్నీ వదిలేసి, "నాకు థెరపీ కూడా చేతకాలేదు" అని వస్తారు.

ఇక "కావాలనే చేస్తున్నాడు" అన్న వాక్యం. దీన్ని నిజమా కాదా అని పరీక్షించే పద్ధతి సీబీటీది, అంటే ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీది. అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన దారి ఇది. ఆధారం ఎక్కడుందో చూడమంటారు, ఇక్కడ ఆధారం నోటుబుక్కులోనే ఉంది. 2లోంచి 8 పోదు కాబట్టి పిల్లాడు 8లోంచి 2 తీసేశాడు. 0, 7 దగ్గరా అంతే, పెద్దదాంట్లోంచి చిన్నది తీసి 7 వేశాడు. పేజీ అంతా ఇదే తప్పు ఇదే వరసలో కనిపిస్తే అది మొండితనం కాదు, పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం వాడికి అర్థం కాలేదు. ఈ సంగతి తెలిశాక కోపం సగం చల్లారుతుంది, ఎందుకంటే అది నిలబడింది ఆ ఒక్క ఊహ మీదే.

అన్ని ఆలోచనలూ ఇలా ఆధారాలకి లొంగవు. "నేను మంచి తల్లిని కాను" అన్నదానితో వాదనకి దిగితే రాత్రి రెండింటి దాకా సాగుతుంది. అటు పది సాక్ష్యాలు, ఇటు పది. ఇలాంటివాటికి యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీలోని పద్ధతి నయం. స్టీవెన్ హేస్ 1980లలో దీనికి పునాది వేశారు. చేసేది ఇదీ: ఆ వాక్యాన్ని కుదించి ఒకసారి అనుకోవాలి. తర్వాత దానికి తోక తగిలించాలి, "నేను మంచి తల్లిని కాను అనే ఆలోచన వస్తోంది". మళ్ళీ ఇంకొకటి, "నేను మంచి తల్లిని కాను అనే ఆలోచన వస్తోందని గమనిస్తున్నాను". ఒక్కోదానికీ పది సెకన్లు, కావాలనే నెమ్మదిగా. కొందరికి ఆ ఆలోచనకో పేరు పెట్టమంటారు. 'మంచి తల్లి కేసు' మళ్ళీ విచారణకొచ్చింది అనుకుంటే, తీర్పు చెప్పాల్సిన తొందర తగ్గుతుంది. ఆ తర్వాత ప్రశ్న: ఇది ఇక్కడే ఉండగా, వచ్చే ఐదు నిమిషాల్లో నేనెలాంటి అమ్మగా ఉండాలనుకుంటున్నాను? జవాబు చిన్న పనిగా ఉండాలి. పక్కన కూర్చోవడం, గొంతు తగ్గించడం, అంతే.

ఇందులో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. దీన్ని మంత్రంలా వాడి, "ఇంకా పోలేదే" అని చూస్తారు. పోయిందా లేదా అని చూడటం కూడా తోసేయడమే. ఆలోచన ఉన్నా చెయ్యి లేవలేదా? అయితే పనిచేసినట్టే.

ఒంటి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే, ఎవరూ చెయ్యనిదే. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, రోజుకి ఐదు నిమిషాలు. వదలడం పొడుగ్గా ఉంటే గుండె వేగం కాస్త తగ్గుతుంది. కోపం వచ్చినప్పుడు మాత్రమే మొదలుపెడితే పనిచెయ్యదు, మామూలుగా ఉన్నప్పుడు రెండు మూడు వారాలు అలవాటు చేసుకోవాలి. మరీ తీవ్రమైతే మొహం మీద చన్నీళ్ళు. గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం మంచునీళ్ళలో మొహం ముంచడంలాంటివి డాక్టర్నడగకుండా చెయ్యొద్దు.

అరవడం ఎలాగూ ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. ఆ తర్వాతి పశ్చాత్తాపాన్ని ఎలా ఖర్చుపెట్టాలో నేర్పడం థెరపీలో సగం పని అని నా ఉద్దేశం. పశ్చాత్తాపంతో ఐస్‌క్రీమ్ కొనిస్తారు, అడక్కుండానే ఫోన్ ఇస్తారు, "ఇంకెప్పుడూ అరవను నాన్నా" అని మాటిస్తారు. మూడూ నష్టమే. మూడోది మరీ, ఎందుకంటే అది వారంలో తప్పుతుంది, పిల్లలు లెక్కపెడతారు. చెప్పాల్సింది మూడు ముక్కలు: "నిన్న గట్టిగా అరిచాను. అది నీ తప్పు కాదు, నేను అలసిపోయి ఉన్నాను. ఈసారి కోపం వస్తే వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వస్తాను." "కానీ నువ్వు కూడా" అని నాలుగో వాక్యం కలిపారో, మొదటి మూడూ పోయినట్టే. పిల్లలకి సారీ చెబితే లోకువైపోతామని నాన్నలు, తాతయ్యలు అంటారు. క్షమాపణ చెప్పినా హోంవర్క్ మాత్రం మానిపించకపోతే లోకువ అయ్యే ప్రసక్తే లేదు.

పసిబిడ్డ తల్లుల సంగతి వేరుగా చెప్పాలి. బిడ్డని బాల్కనీలోంచి జారవిడిచినట్టు, స్నానం చేయిస్తూ నీళ్ళలో వదిలేసినట్టు ఒక్కసారి కళ్ళముందు మెదలడం కొత్త తల్లుల్లో, తండ్రుల్లో చాలామందికి ఉంటుంది. బయటికి చెప్పేవాళ్ళు తక్కువ. ఆ చిత్రం చూసి తల్లి హడలిపోతోందంటేనే అది ఆమె కోరిక కాదని తెలుస్తోంది. చెడేదెక్కడంటే, బాల్కనీ తలుపు దగ్గరికే వెళ్ళకపోవడం, స్నానం పని పూర్తిగా అత్తగారికి వదిలెయ్యడం, "నేనేం చెయ్యను కదా" అని భర్తని రోజుకి పదిసార్లు అడగడం. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుంది. థెరపిస్ట్ మెల్లమెల్లగా ఆ పనుల్లోకి తిరిగి తీసుకొస్తారు.

దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి ఒకటుంది, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు, వెయ్యి ప్రసవాల్లో ఒకటి రెండింటిలో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అక్కర్లేదన్నట్టు ఉండటం, లేని మాటలు వినపడటం, బిడ్డలో ఏదో చేరిందని గట్టిగా నమ్మడం. ఇక్కడ భయం ఉండదు, నమ్మకం ఉంటుంది. గాలి సోకిందని దిష్టి తీయిస్తూ కూర్చోకుండా, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం 24 గంటలూ ఉంటుంది. తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు కూడా అక్కడ 2009 నుంచి ఉంది.

ఈ రెండింటి మధ్యలో ఉండే, ప్రసవం తర్వాతి దిగులును కనిపెట్టడానికి ఎడిన్‌బరో స్కేల్ వాడతారు. 1987లో వచ్చిన పది ప్రశ్నల కాగితం, గడిచిన ఏడు రోజుల గురించి, మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వివరంగా పరీక్షిస్తారు. పదో ప్రశ్న తనను తాను గాయపరచుకోవాలనిపించడం గురించి. దానికి సున్నా తప్ప ఏం వచ్చినా మొత్తం ఎంతని చూడకుండా అప్పుడే మాట్లాడతారు. పాలిచ్చే తల్లులకి మందులే ఉండవనుకోవడం పొరపాటు, వాడదగ్గవి ఉన్నాయి, సైకియాట్రిస్ట్ చూసి రాస్తారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చే సీఆర్‌ఆర్ (రిజిస్ట్రేషన్) నంబరు అడగండి, అడిగితే తప్పేం లేదు. మందులు రాసేది సైకియాట్రిస్ట్. తెలుగులో మాట్లాడతారా అని ఫోన్‌లోనే తేల్చుకోండి. ఆఫీసు సంగతులు ఇంగ్లీషులో నడుస్తాయి గానీ, మా అత్తగారు ఇలా అన్నారని చెప్పడానికి ఇంగ్లీషు చాలదు. ఎక్కడికీ వెళ్ళలేనివాళ్ళకి 14416 ఉంది. టెలీ మానస్ అనే ఈ ఉచిత ఫోన్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు, రాత్రి పూట కూడా.

చెప్పింది బయటికి పోదా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత హక్కు ఇస్తుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మినహాయింపు ఉంటుంది, పిల్లలపై హింస ఉంటే వేరే చట్టపరమైన బాధ్యతలూ ఉండొచ్చు. ఆ హద్దులేమిటో మొదటి సెషన్‌లోనే వివరంగా చెప్పమనండి. ఆన్‌లైన్ సెషన్ అయితే ఇంట్లో చాటు దొరక్క చాలామంది బేస్‌మెంట్ పార్కింగ్‌లో కారులో కూర్చుంటారు. అక్కడ సిగ్నల్ పోతుంది, సరిగ్గా ఏడుపొచ్చే చోటే. కారు పైకి తెచ్చి ఏ పార్కు పక్కనో ఆపుకోండి.

మామూలుగా వారానికొకటి, 45 నుంచి 50 నిమిషాలు. నాలుగో సెషన్ నాటికి మీ గొలుసు కాగితం మీద లేకపోయినా, మధ్యలో చెయ్యమని ఏమీ ఇవ్వకపోయినా, అడగండి. భార్యాభర్తల్లో ఎవరిది తప్పో తీర్పు చెబుతున్నా, వేరే క్లయింట్ల సంగతులు మీ దగ్గర చెబుతున్నా, అడగడం కూడా అనవసరం, వేరేవాళ్ళని చూసుకోండి. అప్పటిదాకా రాసిన కాగితాలు మీవే, కొత్తవాళ్ళ దగ్గరికి వెంట తీసుకెళ్తే రెండు సెషన్ల డబ్బు మిగులుతుంది.