ముందుగా వెనక తలుపు చూడాలి

పెద్ద సమావేశానికి హాలు వెతికే పని మొదలుపెట్టగానే చేతికి వచ్చే బ్రోషర్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. అద్దంలా మెరిసే నేల, నిండుగా దీపాలు, కింద పెద్ద అక్షరాల్లో ఎంతమంది పడతారో చెప్పే ఒక అంకె. వృత్తి సంఘాల వార్షిక సమావేశాలకు ఏర్పాట్లు చూడడం మొదలుపెట్టిన కొత్తలో నేను ఆ అంకెనే నమ్ముకుని హాళ్లను వరస పెట్టేవాడిని. ఇప్పుడు దాన్ని అన్నిటికంటే చివర్న చూస్తాను.

ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది ఖాళీ హాలు గురించి చెప్పే నిజం. అమెరికాలో విస్తృతంగా అమల్లో ఉన్న ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం, విడి కుర్చీలు మాత్రమే వేస్తే మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలు కూడా వేస్తే 15 చదరపు అడుగులు లెక్కగడతారు. అంటే 21,000 చదరపు అడుగుల హాలు ఒక లెక్కలో 3,000 మందికి, మరో లెక్కలో 1,400 మందికి సరిపోతుంది. అందులో వేదికకు, తెరల వెనక ఖాళీకి, సౌండ్ కన్సోల్‌కు, భోజనాల వరసలకు కలిపి ఓ 5,000 చదరపు అడుగులు తీసేస్తే, బల్లల ముందు కూర్చోగలిగేది వెయ్యి మందికి కాస్త పైన. బ్రోషరులో వేసేది మాత్రం సహజంగానే 3,000.

అరీనాల, అంటే ఆటలకు, కచేరీలకు కట్టిన పెద్ద ఇండోర్ స్టేడియాల విషయంలో ఈ పొరపాటు మరో రూపంలో ఎదురవుతుంది. పద్దెనిమిది వేల సీట్లు అనగానే ఎంత పెద్ద సభయినా ఇట్టే పట్టేస్తుందనిపిస్తుంది గానీ, ఆ సీట్లన్నీ చుట్టూ మెట్ల మీద ఉంటాయి. మనం స్టాళ్లు, బల్లలు వేసుకోగలిగిన నేల చాలా తక్కువ. ఉత్తర అమెరికా ఐస్ హాకీ మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, అంటే సుమారు 17,000 చదరపు అడుగులు. పైగా వేదికను ఒక చివర పెడితే దాని వెనక సీట్లన్నీ వదులుకోవాల్సిందే. ఒకే ప్రసంగం, ఒకే పాట, ఒకే పోటీ చూడడానికి వచ్చే జనానికి అరీనాను మించింది లేదు. ఇరవై గదుల్లో ఇరవై చర్చలు జరిగే సమావేశానికి మాత్రం అది పనికిరాదు.

ఇక సామాను లోపలికి వచ్చే వెనక తలుపు సంగతి. ఒకసారి మేము ఎంతో ముచ్చటపడి తీసుకున్న హాలు మూడో అంతస్తులో ఉండేది. సరుకుల లిఫ్ట్ ఉందా అని అడిగాము, ఉందన్నారు, అంతటితో ఊరుకున్నాము. ఏర్పాట్ల రోజు రాత్రి వేదిక చట్రాలు దించాక చూస్తే, లిఫ్ట్ తలుపు మా పొడవాటి చట్రం కంటే ఒక జానెడు తక్కువ. నలుగురు మనుషులు ఒక్కో చట్రాన్ని మెట్ల మలుపుల్లో నిలబెట్టి తిప్పుకుంటూ పైకి చేర్చేసరికి తెల్లవారింది. తప్పు హాలు వాళ్లది కాదు. టేపు తీసుకువెళ్లని నాది. అప్పటినుంచి లారీలు ఆగే డాక్‌లు ఎన్ని, వాటి ఎత్తెంత, అక్కడినుంచి హాలు నేలదాకా దారిలో అతి ఇరుకైన తలుపు ఏది అన్నవే నా మొదటి ప్రశ్నలు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అంతటి పేరున్న చోట కూడా ఆట జరిగే నేల వీధి మట్టంలో లేదు, రైల్వే స్టేషన్ మీద ఐదో అంతస్తులో ఉంది.

ఆ తరవాత తల పైకెత్తి చూడాలి. స్పీకర్లు, దీపాలు, తెరలు అన్నీ పైకప్పుకే వేలాడతాయి కనుక ఏ కొక్కెం ఎంత బరువు మోస్తుందో చూపే ప్లాను కాగితం మీద తీసుకోవాలి. ఫోనులో వచ్చే హామీ చాలదు. 1978 జనవరిలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ అనే అరీనా పైకప్పు మంచు బరువుకు కూలింది. అంతకు కొన్ని గంటల ముందే వేలమంది అక్కడ బాస్కెట్‌బాల్ చూసి ఇళ్లకు వెళ్లారు. విచారణలో తేలిన లోపాల్లో ఒకటి, పైకప్పు సొంత బరువునే తక్కువగా లెక్కగట్టడం.

తేదీల దగ్గర ఒక్క మాట. ఖరారు కాకముందు తేదీని మన పేరున పట్టి ఉంచడాన్ని హోల్డ్ అంటారు. హాలు వాళ్లు మీకు ఫస్ట్ హోల్డ్ ఇచ్చారో, సెకండ్ హోల్డ్ ఇచ్చారో స్పష్టంగా రాయించుకోవాలి, ఎందుకంటే రెండోదంటే వేరొకరు వదులుకుంటేనే మీ వంతు. సొంత జట్టున్న అరీనా అయితే ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ పోటీల) రోజులను ముందే అట్టిపెట్టుకుంటుంది. జట్టు ఓడిపోయేదాకా ఆ తేదీలు ఎవరికీ ఖాయం కావు, కాబట్టి ఇంకొకరి ఓటమి కోసం ఎదురుచూసే ఇబ్బందికరమైన స్థితిలో మనం పడతాము. అద్దె ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలదాకా, ఏర్పాట్ల రోజు, విప్పే రాత్రి అందులో కలిసి ఉన్నాయా, కరెంటు, వైఫై, భోజనం వాళ్ల దగ్గరే తీసుకోవాలా అన్నవి తేలకుండా రెండు హాళ్ల అద్దెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

హాలు చూపించడానికి మార్కెటింగ్ వాళ్లు పగటిపూట, ఖాళీగా ఉన్నప్పుడు రమ్మంటారు. నేను మాత్రం ఇంకొకరి కార్యక్రమం ముగిసి సామాను విప్పే రాత్రి రావడానికి అనుమతి అడుగుతాను. డాక్ దగ్గర ఒక మూల నిలబడి, మొదటి లారీ కదలడానికి ఎంతసేపు పట్టిందో, తక్కినవి వీధిలో ఎందాకా నిలిచాయో పుస్తకంలో రాసుకుంటాను. బ్రోషరును ఆ తరవాతే తెరుస్తాను.